కరెంటు పెట్టించాలన్నారు: ఏ మెషీన్, ఏ ఆస్పత్రి, రోజూ తిరగాలా, అక్కడే ఉండాలా? (నల్గొండ, పాలమూరు వాళ్ల కోసం)

బయాప్సీ రిపోర్టు వచ్చింది, డాక్టర్ "రేడియేషన్ పెట్టాలి" అన్నాడు, మన ఊళ్లల్లో అనేది కరెంటు పెట్టడం. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో తలో మాట. బావమరిది పెద్ద ప్రైవేటు ఆస్పత్రికే పోదాం, మెషీన్ కొత్తది అంటాడు. పక్కింటాయన ఎమ్మెన్‌జేలో (హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి) ఫ్రీ కదా, లక్షలు ఎందుకు అంటాడు. ఎవరో వాట్సాప్‌లో ప్రోటాన్ అనే ఖరీదైన రేడియేషన్ వీడియో పంపిస్తారు. పేషెంట్‌ను మాత్రం ఎవరూ అడగరు.

మా ఇంట్లోవాళ్ల వెంట, చుట్టాల వెంట ఈ ఆస్పత్రుల చుట్టూ తిరిగి, డాక్టర్లనీ టెక్నీషియన్లనీ అడిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: మెషీన్ ఎంత కొత్తది అన్నది తర్వాత సంగతి, రాసిచ్చిన సిట్టింగులన్నీ మధ్యలో గ్యాప్ రాకుండా ఎక్కడ పూర్తి చేయగలరో అదే మీకు మంచి ఆస్పత్రి. కొన్ని క్యాన్సర్లలో మెషీన్ రకం కూడా నిజంగా తేడా చేస్తుంది, అవేవో కింద విడిగా చెప్తా.

## ముందు చూసుకోవాల్సినవి

గ్యాప్. రేడియేషన్ సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజుకు ఒక సిట్టింగ్, ఒక్కో సిట్టింగ్‌లో 1.8 నుంచి 2 గ్రే (గ్రే అంటే డోసు కొలత) ఇస్తారు. నోరు, గొంతు క్యాన్సర్‌కు 66 నుంచి 70 గ్రే, అంటే 33 నుంచి 35 సిట్టింగులు, దాదాపు ఏడు వారాలు. దెబ్బ తిన్న క్యాన్సర్ కణాల్లో మిగిలినవి మూడు నాలుగు వారాల తర్వాత మరింత వేగంగా పెరగడం మొదలుపెడతాయి. సగం చేను కలుపు తీసి వారం ఆగితే ఏమవుతుందో రైతులకు చెప్పక్కర్లేదు. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లలో చికిత్స అనుకున్న దానికన్నా లాగిన ప్రతి రోజుకు అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. బతుకమ్మకు వెళ్లొస్తా, పత్తి ఏరడానికి మనుషులు లేరు, నాట్లు అయ్యాక వస్తా అని వారం వారం ఆగిపోయేవాళ్లను నేను చూశాను, వాళ్లకు ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు.

ఎప్పుడు మొదలవుతుంది. ఒకచోట మెషీన్ బాగుంది కానీ డేట్ రెండు నెలల తర్వాత, ఇంకోచోట మామూలు మెషీన్, పది రోజుల్లో మొదలు. చాలా క్యాన్సర్లలో రెండోదే మేలు. ఈ ప్రశ్న మొదటి రోజే అడగాలి, ఫైల్ తయారయ్యాక కాదు.

అన్నీ ఒకే చోట ఉన్నాయా. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వారం కేసుల్లో రేడియేషన్‌తో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో కూడా పెడతారు, రక్త పరీక్షలు చేస్తారు, హిమోగ్లోబిన్ పడిపోతే రక్తం ఎక్కిస్తారు. కీమో ఒక ఆస్పత్రిలో, కరెంటు ఇంకో ఆస్పత్రిలో అయితే ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది.

చేతి నుంచి పడేది. ప్యాకేజీ ఎంత అన్నది ఒక్కటే కాదు. ఏడు వారాలు ఇద్దరు మనుషుల తిండి, గది, బస్సు, ఆటో, వెంట ఉండే మనిషి పోగొట్టుకునే కూలీ, ఇవన్నీ రాసి కూడండి. ఫ్రీ అనుకున్న చోట కూడా ఇది చిన్న మొత్తం కాదు.

## మెషీన్లు, పద్ధతులు

| రకం | ఏం చేస్తుంది | ఎవరికి | చూసుకోవాల్సింది |
|---|---|---|---|
| కోబాల్ట్ | కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలు | నొప్పి తగ్గించడానికి, కొన్ని మామూలు ఫీల్డులకు (కిరణం పడే భాగాలకు) | చర్మం మీద ప్రభావం ఎక్కువ, అంచులు అంత కచ్చితంగా ఉండవు |
| లీనాక్ (విద్యుత్తుతో ఎక్స్-రే కిరణాలు పుట్టించే మెషీన్) మీద 3డీ | సీటీ చూసి గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాలు | రొమ్ము, ఎముకలు, పొట్ట భాగంలో చాలా కేసులు | పక్క అవయవాలకు కొంత డోసు తప్పదు |
| ఐఎంఆర్టీ, వీమ్యాట్ | కిరణం ఎక్కడ ఎంత పడాలో భాగాలుగా మారుస్తుంది | నోరు, గొంతు, ప్రొస్టేట్, గర్భాశయం | ప్లాన్ చేయడానికి రోజులు పడుతుంది, ఖర్చు ఎక్కువ |
| ఐజీఆర్టీ | సిట్టింగ్ ముందు మెషీన్ మీదే స్కాన్ తీసి పొజిషన్ సరిచూస్తారు | ఐఎంఆర్టీ పెట్టే వాళ్లందరికీ ఉంటే మంచిది | ఇది విడి వైద్యం కాదు, పైవాటికి తోడు |
| ఎస్‌బీఆర్టీ | తక్కువ సిట్టింగుల్లో పెద్ద డోసు | చిన్న ఊపిరితిత్తి గడ్డలు, ఎంపిక చేసిన ఇతర కేసులు | అందరికీ పనికిరాదు, చేయి తిరిగిన టీమ్ కావాలి |
| ప్రోటాన్ | కిరణం గడ్డ దగ్గరే ఆగిపోతుంది | పిల్లలు, మెదడు అడుగు భాగం, వెన్నుపాము దగ్గరి గడ్డలు | చెన్నై, ముంబై లాంటి చోట్లే, ఖర్చు చాలా పెద్దది |

కోబాల్ట్ అనగానే పాతది, పనికిరాదు అనేవాళ్లున్నారు, అలా కొట్టిపారేయొద్దు. కోబాల్ట్ శక్తి ఐదేళ్లకు కొంచెం అటుగా సగానికి పడిపోతుంది, అంటే సోర్స్ పాతబడే కొద్దీ అదే డోసుకు బల్ల మీద ఎక్కువ నిమిషాలు పడుకోవాలి. అయితే వెన్నెముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి పెట్టే ఒక్క సిట్టింగ్‌కు కోబాల్ట్ కూడా పని చేస్తుంది. అదే గొంతు క్యాన్సర్ నయం చేయడానికి అయితే లీనాక్, వీలైతే ఐఎంఆర్టీ అడగండి.

ప్రోటాన్ గురించి: చెన్నైలోని అపోలో ప్రోటాన్ సెంటర్ 2019లో మొదలైంది, ముంబై దగ్గర టాటా వాళ్ల ఖార్ఘర్ సెంటర్‌లో కూడా ఉంది. పిల్లాడికి మెదడులో గడ్డ అయితే డాక్టర్‌ను ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. అరవై ఏళ్ల పెద్దాయన ప్రొస్టేట్ కోసమో అమ్మ గర్భాశయం కోసమో భూమి అమ్మి ప్రోటాన్‌కు పోనక్కర్లేదు, ఆ జబ్బుల్లో మంచి ఐఎంఆర్టీ సరిపోతుంది.

## మీ జబ్బు ఏదైతే

నోరు, నాలుక, గొంతు. మన వైపు గుట్కా, జర్దా, బీడీ వాడకం వల్ల ఇవి ఎక్కువ. ఇక్కడ ఐఎంఆర్టీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2011లో బ్రిటన్‌లో వచ్చిన పార్‌స్పోర్ట్ అనే అధ్యయనంలో, ఏడాది తర్వాత ఇబ్బంది పెట్టేంత నోరు ఎండిపోవడం మామూలు రేడియేషన్ వాళ్లలో 74 శాతం మందికి ఉంటే, ఐఎంఆర్టీ వాళ్లలో 38 శాతానికే ఉంది. నోరెండిపోతే జొన్న రొట్టె జీవితాంతం నీళ్లతో తడుపుకునే మింగాలి, పళ్లు కూడా త్వరగా పోతాయి, అందుకే ఇది చిన్న విషయం కాదు.

ఈ కేసుల్లో మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తీయాల్సిన పన్ను ఉంటే రేడియేషన్‌కు ముందే తీసేసి, పుండు మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానకుండా పాడయ్యే ప్రమాదం ఉంటుంది. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్లు ఎలా ఉంటాయో తెలిసిందే కాబట్టి ఇది అస్సలు వదలొద్దు.

మొదటి రోజు సిమ్యులేషన్ అంటారు. బల్ల మీద పడుకోబెట్టి, వేడి నీళ్లలో మెత్తబడిన తెల్లటి జల్లెడ లాంటి ప్లాస్టిక్ షీటును ముఖం మీద వేసి వేళ్లతో ముక్కు, గడ్డం, నుదురు చుట్టూ అద్దుతారు. పది నిమిషాల్లో అది చల్లారి గట్టిపడి ముఖం ఆకారంలోనే ఉండిపోతుంది. ఆ తర్వాత రోజూ ఆ మాస్క్‌ను బల్లకు బిగిస్తారు, తల కదలదు. ఊపిరాడదేమో అని చాలామందికి టెన్షన్. రంధ్రాల్లోంచి గాలి మామూలుగానే వస్తుంది, లోపల కెమెరా ఉంటుంది, చెయ్యి ఎత్తితే ఆపేస్తారు. ఇది ముందే పేషెంట్‌కు చెప్పండి, ఎవరూ చెప్పకపోతే రెండో రోజే రానంటారు.

మూడో వారం నుంచి నోట్లో పుండ్లు, మింగడం కష్టం. ఘాటు కారం, వేడివి ఆపేసి రాగి జావ, గుడ్డు, మెత్తగా కలిపిన పప్పన్నం, మజ్జిగ. బరువు తగ్గిపోతుంటే డాక్టర్ ముక్కు గొట్టం పెడదాం అంటారు, అది ఓడిపోయినట్టు కాదు, సిట్టింగులు ఆగకుండా చూడటానికి. మాస్క్ వదులైపోయేంత సన్నబడితే మళ్లీ ప్లాన్ చేయాల్సొస్తుంది, దాంతో రోజులు పోతాయి.

గర్భాశయ ముఖద్వారం. బయటి నుంచి 25 సిట్టింగులు, ఆ తర్వాత లోపలి నుంచి పెట్టే రేడియేషన్, దాన్ని బ్రాకీథెరపీ అంటారు. మొత్తం ఎనిమిది వారాల్లో అయిపోవాలి. బ్రాకీ మెషీన్ అన్ని ఆస్పత్రుల్లో ఉండదు, కాబట్టి మొదటి ప్రశ్న మీ దగ్గర బ్రాకీ ఉందా అన్నదే అవ్వాలి. బయటి రేడియేషన్ అయిపోయాక బ్రాకీ కోసం వేరే ఆస్పత్రి వెతుక్కుంటూ మూడు వారాలు పోగొట్టుకుంటే మొదటిదాని ఫలితం కూడా తగ్గుతుంది. బ్రాకీ భయమేసి తప్పించుకునే ఆడవాళ్లుంటారు. దయచేసి అక్క అయినా కూతురైనా దగ్గర కూర్చుని ఒప్పించండి, అది లేకుండా ఈ వైద్యం సగమే.

ఐఎంఆర్టీ వల్ల పేగుల ఇబ్బంది తగ్గుతుంది. ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ పెట్టిన ఆడవాళ్ల మీద ముంబై టాటా మెమోరియల్ చేసిన పార్సర్ అధ్యయనంలో (2021), మూడేళ్లలో పేగుల సమస్య 3డీ వాళ్లలో 42 శాతానికి, స్కాన్ చూసి పెట్టిన ఐఎంఆర్టీ వాళ్లలో 21 శాతానికి వచ్చింది. కాబట్టి దొరికితే తీసుకోండి. దొరకడానికి రెండు నెలలు ఆగాలంటే, ఆగకుండా 3డీతో మొదలుపెట్టండి.

పొట్ట కింది భాగానికి పెట్టేటప్పుడు మూత్రాశయం నిండుగా ఉండాలంటారు. కారిడార్‌లో చూస్తే ఒక్కొక్కరి చేతిలో నీళ్ల సీసా, గడియారం వంక చూపు. తాగి నలభై నిమిషాలు అయ్యేసరికి మెషీన్ ఆలస్యం అంటారు, ఆపుకోలేక వెళ్లొస్తే మళ్లీ మొదటి నుంచి. ఇది రోజూ ఉండే సంగతే. నీళ్లు ఎప్పుడు తాగాలో టెక్నీషియన్‌నే అడిగి, ముందున్న పేషెంట్ లోపలికి వెళ్లిందో లేదో చూసి తాగండి.

రొమ్ము. ఆపరేషన్ తర్వాత పెట్టేది. ఇదివరకు ఐదు వారాలు పెట్టేవాళ్లు, ఇప్పుడు చాలామందికి 40 గ్రే 15 సిట్టింగుల్లో, అంటే మూడు వారాల్లో అయిపోతుంది. 2020లో బ్రిటన్‌లోనే వచ్చిన ఇంకో అధ్యయనం ఐదు సిట్టింగులు కూడా సరిపోతాయని చూపించింది, అది అందరికీ కాదు, డాక్టర్‌నే అడగాలి. "మాకు తక్కువ సిట్టింగుల పద్ధతి కుదురుతుందా" అని అడగడానికి మొహమాటపడొద్దు, దూరం నుంచి వచ్చే మనకు దీనివల్ల కనీసం రెండు వారాల భారం తగ్గుతుంది. ఇక్కడ 3డీ లీనాక్ చాలు, ఖరీదైన పద్ధతి కోసం పాకులాడాల్సిన పని లేదు. ఎడమ వైపు అయితే గుండెకు డోసు ఎంత పడుతుందో అడగండి.

ప్రొస్టేట్. 20 సిట్టింగుల పద్ధతి ఉంది. ఐఎంఆర్టీ, ఐజీఆర్టీ ఉన్నచోట చేయించండి.

ఎముకలకు పాకిన నొప్పి. చాలాసార్లు 8 గ్రే ఒక్క సిట్టింగ్‌తో నొప్పి తగ్గుతుంది. పది సిట్టింగులు రాసిస్తే, ఒక్కటి సరిపోతుందా అని అడగండి. మంచానికి అతుక్కుపోయిన మనిషిని ఆటోలో, బస్సులో పది రోజులు తిప్పడం ఎంత కష్టమో మోసినవాళ్లకే తెలుసు.

## ఏ ఆస్పత్రి

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా కవరేజీ ఉంది. కార్డు ఉంటే ప్రైవేటు, ప్రభుత్వ ఆస్పత్రుల మధ్య ఎంచుకునే వీలు నిజంగానే ఉంది, అయితే ఆ ఆస్పత్రి రేడియేషన్‌కు ఆరోగ్యశ్రీలో ఉందా, అందులో ఏ పద్ధతికి అప్రూవల్ వస్తుంది అన్నది ఆరోగ్యమిత్ర (ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే మనిషి) దగ్గర కూర్చుని అడగాలి. 104కి ఫోన్ చేసినా చెప్తారు.

ప్రభుత్వం. రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్‌జే (1955 నుంచి ఉంది), పంజాగుట్టలో నిమ్స్. కీమో, రేడియేషన్, ఆపరేషన్ అన్నీ ఒకే ఆవరణలో. డాక్టర్లకు రోజూ వందల కేసులు చూసిన అనుభవం, ముఖ్యంగా నోరు, గర్భాశయం. మన దగ్గరి నుంచి వెళ్లే పేద, మధ్యతరగతి వాళ్లకు ఇది బలమైన ఎంపిక. తేడా వచ్చేది రద్దీలోనే: డేట్ ఆలస్యం కావచ్చు, రోజూ నిరీక్షణ ఎక్కువ, ఓపీలో డాక్టర్‌తో మాట్లాడేందుకు దొరికేది కొన్ని నిమిషాలే. అందుకే ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. నల్గొండ బస్సు ఎల్‌బీ నగర్‌లో దిగితే మెట్రోలో నేరుగా వెళ్లొచ్చు, లక్డీకాపూల్ (ఎమ్మెన్‌జేకు), పంజాగుట్ట (నిమ్స్‌కు) రెండూ అదే లైన్ మీద ఉన్నాయి. పాలమూరు వాళ్లు ఎంజీబీఎస్‌లో దిగినా అదే మెట్రో.

ట్రస్టు ఆస్పత్రి. బంజారాహిల్స్‌లో బసవతారకం, 2000 నుంచి. ఆరోగ్యశ్రీ కూడా తీసుకుంటారు, పద్ధతులు దాదాపు అన్నీ ఉంటాయి. కార్డు లేనివాళ్లు, కార్పొరేట్ బిల్లు భరించలేనివాళ్లు ముందు ఇక్కడ అడిగి చూడొచ్చు.

కార్పొరేట్. త్వరగా మొదలవుతుంది, స్లాట్ చెప్పిన టైముకు దొరుకుతుంది, డాక్టర్ ఓపికగా మాట్లాడతాడు. ఉద్యోగులకు ఈహెచ్ఎస్, సీజీహెచ్ఎస్ (రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకాలు), సొంత ఇన్సూరెన్స్ ఉంటే సరే. సొంత డబ్బు అయితే సంతకం ముందు లిఖితపూర్వకంగా అడగండి: మాస్క్, ప్లానింగ్ సీటీ, సిట్టింగులు, రోజువారీ స్కాన్, మధ్యలో మళ్లీ ప్లాన్ చేస్తే దాని ఖర్చు అన్నీ ఈ మొత్తంలో ఉన్నాయా అని. మాకు తెలిసిన ఒక కుటుంబం, ఆస్పత్రి పేరు రాయను, సగం సిట్టింగులయ్యాక డబ్బు అందక పది రోజులు ఆగింది. అప్పటిదాకా పెట్టిన లక్షల కన్నా ఆ పది రోజులే ఎక్కువ నష్టం చేశాయి. చివరి సిట్టింగ్ దాకా డబ్బు చేతిలో లేకపోతే ఈ దారిలో అడుగు పెట్టొద్దు.

హైదరాబాదే కావాలా. గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు, కోదాడ వాళ్లకు విజయవాడ దగ్గర. రాష్ట్రం దాటితే మన కార్డు చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోండి. నారాయణపేట, కోస్గి, మక్తల్ నుంచి ముంబై వలస వెళ్లి అక్కడే ఉండే వాళ్లకు పరేల్‌లో టాటా మెమోరియల్ ఉంది, అక్కడే ఇల్లు, పని ఉంటే ఇక్కడికి వచ్చి రెండు నెలలు కూర్చోవడం కన్నా అక్కడే చేయించుకోవడం మేలు.

## రోజూ తిరగాలా, ఉండిపోవాలా

| పరిస్థితి | నా సలహా |
|---|---|
| రొమ్ము, 15 సిట్టింగులు, నల్గొండ లేదా మహబూబ్‌నగర్ టౌన్ | తిరగొచ్చు, మధ్యాహ్నం స్లాట్ అడగండి |
| నోరు, గొంతు, కీమోతో కలిపి | మొదటి రెండు వారాలు తిరిగినా, మూడో వారం నుంచి అక్కడే ఉండాలి |
| గర్భాశయం, ప్రొస్టేట్ | ఉండటమే మేలు, బస్సులో మూత్రం ఆపుకోలేరు |
| దేవరకొండ, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల, అచ్చంపేట | ఉండాల్సిందే |
| ఒకటి నుంచి ఐదు సిట్టింగులు | తిరగొచ్చు |

నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు టౌన్ల నుంచీ హైదరాబాద్ వంద కిలోమీటర్ల చిల్లర. రానూపోనూ ఐదు గంటలు బస్సులో, మెషీన్ మీద పావుగంట. రేడియేషన్ అలసట చివరి వారాల్లో పెరుగుతుంది, అప్పుడు ఆ బస్సు ప్రయాణమే మనిషిని పడగొడుతుంది, మర్నాడు రాననేది అందుకే.

బస్సు ఖర్చు తగ్గించుకోండి: ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్. రైలులో క్యాన్సర్ పేషెంట్‌కు స్లీపర్, థర్డ్ ఏసీలో చార్జీ ఉండదు, సెకండ్ క్లాసులో 75 శాతం తగ్గింపు, వెంట వెళ్లే ఒక మనిషికీ తగ్గింపు ఉంది. ఆస్పత్రిలో డాక్టర్ సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం అడిగి, స్టేషన్ కౌంటర్‌లో చూపించాలి. గది దొరక్కపోతే ఆస్పత్రిలోని సోషల్ వర్కర్‌ను అడగండి, దగ్గర్లోని సత్రాలు, తక్కువ అద్దె గదులు వాళ్లకే బాగా తెలుస్తాయి.

బయటి నుంచి పెట్టే కరెంటు ఒంట్లో మిగలదు. పేషెంట్ మనవడిని ఎత్తుకోవచ్చు, ఒకే మంచం మీద పడుకోవచ్చు. విడి గది, విడి కంచం పెట్టే ఇళ్లున్నాయి, అలా చేయకండి.

## ఒప్పుకునే ముందు అడగాల్సినవి

- సిమ్యులేషన్ ఎప్పుడు, మొదటి సిట్టింగ్ ఎప్పుడు?
- నాకు ఎన్ని సిట్టింగులు, తక్కువ సిట్టింగుల పద్ధతి కుదురుతుందా?
- మెషీన్ చెడిపోతే ఇంకో మెషీన్ ఉందా? పండగ సెలవు వస్తే ఆ రోజును ఎలా సర్దుతారు?
- మధ్యలో జ్వరమొస్తే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?

ఏ కారణం వల్లనైనా ఒకటి రెండు రోజులు పోతే దాచొద్దు, డాక్టర్‌కు వెంటనే చెప్పండి. శనివారం పెట్టడం, లేదా ఆరు గంటల తేడాతో ఒకే రోజు రెండు సిట్టింగులు పెట్టడం లాంటి దారులు వాళ్లకు ఉన్నాయి. చర్మం మీద గీసిన గుర్తులు చెరిగిపోతే మీరే పెన్నుతో దిద్దొద్దు, అలాగే వెళ్లి చూపించండి.

చివరి సిట్టింగ్ రోజు ట్రీట్‌మెంట్ సమ్మరీ కాగితం తీసుకోకుండా బస్సెక్కొద్దు. ఏ భాగానికి, ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగులు, ఏ పద్ధతి, మొదటి తేదీ, చివరి తేదీ అందులో ఉంటాయి. పదేళ్ల తర్వాత ఇంకో ఆస్పత్రిలో ఇంకో డాక్టర్ మళ్లీ అదే చోట రేడియేషన్ ఇవ్వొచ్చా లేదా అని తేల్చేది ఆ కాగితం చూసే. ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.